ముప్పై ఏడో వరుస

అల్మాటీలో కొండవైపు వీధి చివరున్న ఆ భౌతికశాస్త్ర సంస్థలో లెక్కలవాళ్ళు మూడో అంతస్తులో ఉంటారు, కొలతలవాళ్ళు నేలమాళిగలో ఉంటారు. మధ్యలో ఉన్నవి డెబ్బై రెండు మెట్లే. అయినా పైవాళ్ళకి కిందికి దిగడం నామోషీ, కిందివాళ్ళకి పైకి ఎక్కడం దండగ. అలాంటిది ఏప్రిల్ నెలలో ఒక శుక్రవారం మధ్యాహ్నం బల్జాన్ ఎనిమిది నెలల విసుగు మూటగట్టుకుని తనే కిందికి దిగింది. కొలతల గదిలో వెనేరా త్సోయ్ అప్పుడే అన్నం డబ్బా మూత తీసింది.

"ఇంకొక్కసారి కొలవండి వెనేరా అక్కా. ఒక్కసారి."

"మూడుసార్లు కొలిచాను."

"నాలుగోసారి."

"నాలుగోసారి కొలిస్తే రేకు మారుతుందా, హైడ్రోజన్ మారుతుందా? నువ్వు మూడుసార్లు చీటీ పంపావు, మూడుసార్లూ వందే అని రాసి పంపాను. కూర్చో. క్యారెట్ తురుము తిను, కారం తగ్గించానులే."

"తిండి వద్దు అక్కా. నాకు డెబ్బై ఒకటి వస్తోంది."

"అయితే నీ లెక్క తప్పు."

"నా లెక్క తప్పు కాదు."

"మరి నా హైడ్రోజన్ తప్పా? దానికి నీ లెక్క సంగతి తెలీదు పాపం. తెలిస్తే మొహమాటానికైనా డెబ్బై ఒకటి దగ్గర ఆగేది."

"నవ్వకండి. మూడు వారాల్లో నా థీసిస్ పరిషత్తు ముందుకి వెళ్ళాలి. ఎనిమిది నెలలుగా ఇదే అంకె. పొద్దున లేస్తే ఇదే అంకె. బస్సు నంబరు డెబ్బై ఒకటి కనిపించినా ఒళ్ళు మండుతోంది."

"సరే, నాకు అర్థమయ్యేట్టు చెప్పు. మీ పైవాళ్ళ భాషలో కాదు. నేను చేసేది ఇదిగో, ఈ వెనేడియం రేకు. ఇటు హైడ్రోజన్ పెడతాను, అటు ఎంత వేగంగా దూరి వస్తోందో చూస్తాను. అంతే నా బతుకు. నువ్వేం చేస్తావు?"

"అదే కంప్యూటర్లో చేస్తాను. వెనేడియం పరమాణువులు వరసగా గూళ్ళు కట్టినట్టు ఉంటాయి కదా. ఏది దేన్ని ఎంత బలంగా లాగుతుంది, ఎంత బలంగా నెడుతుంది, ఆ బలాలన్నీ లెక్కేస్తాను. ఆ బలాల మధ్య హైడ్రోజన్ని వదిలి, ఒక గూటిలోంచి పక్క గూట్లోకి ఎన్నిసార్లు గెంతుతుందో లెక్కపెడతాను. మీ దగ్గర వంద గెంతితే నా దగ్గర డెబ్బై ఒకటి."

"మీ మేష్టారు ముకాష్ అగాయ్‌కి కూడా తక్కువే వచ్చేదిగా? దానికి ఆయన గుణకం ఉందిగా?"

"ఉంది. ఒకటి పాయింట్ నాలుగు ఒకటి. ఏ లెక్క వచ్చినా దాంతో హెచ్చవేస్తే కొలతకి సరిపోతుంది. పందొమ్మిది వందల తొంభై ఎనిమిది నుంచీ అందరూ అదే చేస్తున్నారు. డెబ్బై ఒకటిని హెచ్చవేసి చూడండి, వందే వస్తుంది."

"మరి వెయ్యి. వేసి పడుకో."

"వెయ్యకూడదక్కా. నా థీసిస్సే అది. హైడ్రోజన్ మరీ తేలిక, గోలీలా ఒకచోట ఉండదు, పొగమంచులా పరుచుకుంటుంది, గోడ ఎక్కకుండానే అవతలికి జారుకుంటుంది, అది క్వాంటమ్ గుణం, అందుకే అనుకున్నదానికంటే వేగంగా పోతుందని అగాయ్ చెప్పారు. ఆ గుణకాన్ని అరువు తెచ్చుకోకుండా మొదటి నుంచీ లెక్కేసి రాబట్టడం నా పని. ఒక్కో హైడ్రోజన్ని ముప్పై రెండు పూసల దండలా గుచ్చి నడిపాను, అది ఎంత పరుచుకుందో తెలియాలని. పూసలు గుచ్చితే డెబ్బై ఒకటి. తీసేస్తే అరవై తొమ్మిది. ఇంత చేస్తే రెండు. రెండంటే రెండు. ఇంకో ఇరవై తొమ్మిది ఎక్కడ దాక్కుందో దేవుడికి తెలియాలి."

"అగాయ్‌కి చెప్పావా?"

"ప్రతి సోమవారం చెబుతాను. మళ్ళీ నడుపు అంటారు."

"నడిపావా?"

"పందొమ్మిదిసార్లు."

"ఏడవకు. అన్నం ముందు ఏడవకూడదు. అంకెలు చదువు. వేడి ప్రకారం చదువు."

"మీ కొలతని వంద అనుకోమని మీరు రాసిచ్చారు కదా, దాంతో పోల్చి చదువుతున్నా. మూడు వందల డిగ్రీల దగ్గర డెబ్బై రెండు. నాలుగు వందలకి డెబ్బై ఒకటి. ఐదు వందలకీ డెబ్బై ఒకటి. ఏడు వందలకి డెబ్బై ఒకటికి ఓ వెంట్రుకవాసి తక్కువ."

"ఆగు. మళ్ళీ చదువు."

"డెబ్బై రెండు, డెబ్బై ఒకటి, డెబ్బై ఒకటి—"

"ఈ అంకెలు నేను ఎక్కడో చూశాను."

"నా చీటీల్లో చూసుంటారు."

"కాదు. ఈ చేత్తోనే రాశాను. ఉండు, ఆ గళ్ళ నోటుపుస్తకం ఇలా తియ్యి. అది కాదు, టీ మరకది. మార్చి... ఫిబ్రవరి... ఇదిగో. డెబ్బై రెండు. డెబ్బై ఒకటి. డెబ్బై ఒకటి. డెబ్బై ఒకటి."

"అది ఏ రేకు?"

"రేకు అదే. సిలిండరు వేరు."

"అంటే?"

"ఫిబ్రవరిలో మీ అగాయ్ ఉన్నట్టుండి ఒక సిలిండరు తెప్పించారు. భార హైడ్రోజన్. మామూలుదానికి రెండింతల బరువు. మన సంస్థలో దాంతో ఎవరికీ పని లేదు. ఎందుకు సార్ అని అడిగితే, ఊరికే కొలిచి పెట్టు, ఎప్పుడైనా పనికొస్తుంది అన్నారు. నాలుగు వారాలు నా నడుం విరిగింది. ఆ తర్వాత ఎవడూ అడగలేదు."

"భార హైడ్రోజన్..."

"అవును. నువ్వు ఎనిమిది నెలలు కూర్చుని దాన్ని లెక్కేశావు తల్లీ. శుభ్రంగా వేశావు. ఒక్క అంకె తప్పలేదు."

"నేను మామూలు హైడ్రోజనే వేశాను."

"బరువెంత రాశావు?"

"నేను రాయలేదు. అది కంప్యూటరుకిచ్చే ఫైల్లో పై వరుసల్లో ఉంటుంది."

"ఉంటే?"

"పై నలభై వరుసలు ముట్టుకోం."

"ఎవరు ముట్టుకోరు?"

"ఎవరూ ముట్టుకోరక్కా. తొంభై ఎనిమిదిలో అగాయ్ రాసిన ఫైలు అది. ఒక శిష్యుడి దగ్గర్నుంచి ఇంకో శిష్యుడికి వస్తుంది. చేరిన మొదటి రోజే చెప్పేస్తారు, నలభై ఒకటో వరుస నుంచి నీది, ఆ పైది అగాయ్‌ది అని. ఫైలు నెత్తిమీద కూడా రాసి ఉంటుంది."

"ముట్టుకోరు సరే. చదవనుకూడా చదవరా?"

"పెద్దాయన ముందున్న పళ్ళెంలోకి తొంగి చూస్తామా?"

"చూడాల్సింది. తియ్యి, ఆ ల్యాప్‌టాప్ ఇక్కడే తియ్యి. నాకూ చూపించు."

"...ముప్పై ఏడో వరుస."

"చదువు."

"హైడ్రోజన్. బరువు. రెండు. రెండు అని ఉంది అక్కా."

"నువ్వు నవ్వుతున్నావా ఏడుస్తున్నావా?"

"తెలీదు."

"ఎందుకు పెట్టినట్టు ఆయన అలా?"

"ఎందుకు పెట్టారో తెలుసు. పాత చిట్కా. ఆ రోజుల్లో కరెంటు రోజుకి నాలుగ్గంటలే వచ్చేదట. హైడ్రోజన్ తేలిక కాబట్టి తెగ ఊగుతుంది. దాని వెంట పడాలంటే కంప్యూటరు చిన్న చిన్న అడుగులు వెయ్యాలి. బరువు పెంచితే అది నెమ్మదిస్తుంది, అడుగు పెద్దది వెయ్యొచ్చు, కరెంటు పోయేలోపు లెక్క ముగుస్తుంది. హైడ్రోజన్ ఏ గూట్లో కూర్చుంటుందో తెలుసుకోవడానికైతే బరువు ఎంతున్నా ఒకటే. ఆయన మొదట చేసింది ఆ లెక్కే. అందులో తప్పులేదు."

"ఎంత వేగంగా గెంతుతుందో తెలుసుకోవాలంటే?"

"...తప్పు."

"అదీ సంగతి. పో, ఆ రెండు చెరిపి ఒకటి రాసుకో. నీ కష్టం గట్టెక్కింది. ఇప్పుడైనా క్యారెట్ తిను."

బల్జాన్ రెండు చెరిపి ఒకటి రాసింది. లెక్క శని, ఆది, సోమవారాలు నడిచింది. పూసలతో నడిపితే నాలుగు వేడిమిల దగ్గరా తొంభై తొమ్మిది, నూట ఒకటి, వంద, వంద; పూసలు లేకుండా నడిపితే వాటికి రెండో మూడో తక్కువ. వెనేరాకి ఫోన్ చేసి చెబితే ఆవిడ, అయితే నా హైడ్రోజన్‌కి క్షమాపణ చెప్పు అంది. ఆ సంతోషం టీ కప్పు ఖాళీ అయ్యేదాకా ఉంది. లెక్క, కొలత మధ్య సందు లేకుండా అతుక్కుపోతే అగాయ్ గుణకం కూర్చోవడానికి చోటెక్కడ అన్న ఆలోచన అప్పుడు వచ్చింది. రెండుకి వర్గమూలం ఒకటి పాయింట్ నాలుగు ఒకటి అని బల్జాన్‌కి బడిలో చదివేటప్పుడే తెలుసు. రెండింతల బరువు పెట్టినందుకు నెమ్మదించిన హైడ్రోజన్ని మళ్ళీ పరిగెత్తించే అంకె అది, అంతకుమించి ఇంకేమీ కాదు.

గురువారం ముకాష్ అగాయ్ డెబ్బయ్యో పుట్టినరోజు సభ. ఆ ఊళ్ళో మేష్టార్లనీ, ఇంటి పెద్దన్ననీ ఒకే నోటితో అగాయ్ అంటారు. ఆయన ఆమెకి రెండూ అయ్యాడు. మంగళవారం పొద్దున ఆమె కాళ్ళీడ్చుకుంటూ ఆయన గదికి వెళ్ళింది.

"రా తల్లీ, తలుపు వెయ్యి, గాలి కొడుతోంది. ఆ బౌర్సకులు తిను, వేడిగా ఉన్నాయి, కోడలు పొద్దున్నే వేయించి పంపింది. ముందే చెబుతున్నా, గురువారం నువ్వు మాట్లాడేది రెండు నిమిషాలే. పెద్ద పెద్దవాళ్ళే పదకొండు మంది మాట్లాడతారట. నేను అప్పటిదాకా బతికి ఉంటే గొప్ప."

"లెక్క గురించి వచ్చాను అగాయ్."

"వచ్చిందా?"

"ఏది?"

"ఏదేమిటి? ఒకటి పాయింట్ నాలుగు ఒకటి."

"రాలేదు."

"మళ్ళీ నడుపు."

"అగాయ్—"

"పూసలు చాలవు. ముప్పై రెండంటే ఏం సరిపోతాయి, అరవై నాలుగు చెయ్యి."

"అక్టోబరులో చేశాను."

"అయితే నువ్వు పరమాణువులు పేర్చిన పెట్టె చిన్నదయి ఉంటుంది. పరమాణువులు పెంచు."

"నవంబరులో పెంచాను. మీరే పెంచమన్నారు. జనవరిలో మళ్ళీ పెంచమన్నారు, మళ్ళీ పెంచాను."

"మళ్ళీ నడుపు. తొందరపడితే పనులవుతాయా?"

"ఒక్క మాట అడుగుతాను అగాయ్. క్వాంటమ్ వల్ల వచ్చే తేడా అయితే వేడిచేసే కొద్దీ తగ్గిపోవాలి కదా. రెండో ఏడాది పిల్లలకి మీరే చెబుతారు. మీ గుణకం మూడు వందల డిగ్రీల దగ్గరా అంతే ఉంది, ఏడు వందల దగ్గరా అంతే ఉంది. ఎండకీ చలికీ ఒకే కోటు వేసుకు తిరుగుతోంది. ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదా?"

"అడిగారు. ఒకాయన ఉత్తరం రాశాడు. నోవొసిబిర్స్క్ నుంచి. చాలాకాలం కిందట."

"మీరేం జవాబిచ్చారు?"

"ఈ లోహం ప్రత్యేకత అని రాశాను."

"ఏం ప్రత్యేకత?"

"టీ చల్లారుతోంది, తాగు."

"ఏం ప్రత్యేకత అగాయ్?"

"ఆయన మళ్ళీ రాయలేదు. నీకు పాలు చాలకపోతే చెప్పు."

"లెక్క సరిపోయింది అగాయ్."

"ఏమన్నావు?"

"నిన్న సాయంత్రం సరిపోయింది. కొలత వంద, నా లెక్క వంద. అన్ని వేడిమిల దగ్గరా. గుణకం లేకుండా. క్వాంటమ్ వల్ల వచ్చేది నూటికి రెండో మూడో. మిగతాది ఏమీ లేదు."

"ఏం మార్చావు?"

"ఫైల్లో ఒక వరుస."

"నలభైకి కిందా, పైనా?"

"పైన."

"పైవి ముట్టుకోవద్దని నీకు చెప్పలేదా?"

"చెప్పారు."

"నువ్వు చేరిన రోజు మా ఇంట్లో భోజనం పెట్టాను. గొర్రె తల నా ముందు పెడితే చెవి కోసి నీ పళ్ళెంలో వేశాను. గుర్తుందా? ఇంతమంది ఉండగా నీకే వేశాను, చెప్పిన మాట వింటావని."

"విన్నాను అగాయ్. ఆ చెవి తిన్నందుకు ఎనిమిది నెలలు విన్నాను. మళ్ళీ నడుపు అంటే మళ్ళీ నడిపాను. ఇంకా ఎంత వినమంటారు? మీ ఫైల్లో హైడ్రోజన్ బరువు రెండని ఉంది."

"ముప్పై ఆరో వరుసలో."

"ముప్పై ఏడు."

"ముప్పై ఆరు. నేను రాసిన ఫైలు నాకు తెలీదా?"

"ముప్పై ఏడు అగాయ్. మీకు ప్రభుత్వ పతకం వచ్చినప్పుడు ఎవరో మీ పేరు కింద ఆ సంగతి ఒక వరుస చేర్చారు. అప్పటి నుంచి అన్నీ ఒకటి కిందికి జరిగాయి."

"ఓహో. అదా."

"అగాయ్."

"ఊఁ."

"ఏ వరుసో నేను చెప్పలేదు. మీరే చెప్పారు. ఎప్పటి నుంచి తెలుసు?"

"ఆ కిటికీ కూడా సరిగా పడలేదు చూడు, గాలి—"

"ఎప్పటి నుంచి?"

"అరవయ్యో పుట్టినరోజుకి నా వ్యాసాలన్నీ పుస్తకంగా వేస్తామన్నారు. పాత కాగితాలు తిరగేస్తుంటే కనిపించింది. ఇదే కుర్చీ. నాలుగు గంటలవుతోంది, టీ చేతిలో ఉంది. రెండు అని ఉంది. దాని వర్గమూలం లెక్కపెట్టడానికి నాకు కంప్యూటరు అక్కర్లేదు కదా."

"పదేళ్ళు."

"పదేళ్ళు."

"తెలిసీ నాకెందుకు ఇచ్చారు ఈ పని?"

"వస్తుందేమోనని."

"ఏం వస్తుంది?"

"అదే అంకె. ఆ రోజుల్లో నా బలాల లెక్క ముతకది. నీలాంటిది కొత్త పద్ధతిలో, పూసలు గుచ్చి, నిదానంగా చేస్తే, ఏ మూలో నిజంగానే అంత క్వాంటమ్ తేడా ఉంటుందేమో, నేను అడ్డదారిన పట్టుకున్న అంకె రాచబాటన కూడా వస్తుందేమో అని. ఆశ తల్లీ. ముసలాడి ఆశ."

"అయితే బరువైనా దిద్ది ఇవ్వాల్సింది."

"దిద్దితే ఎందుకు దిద్దారని అడుగుతావు."

"అడిగితే?"

"అడుగుతావనే దిద్దలేదు."

"నేను బుర్ర లేనిదాన్ననుకున్నాను అగాయ్. ఎనిమిది నెలలు. నాకు చేతకాదు, నాలాంటివాళ్ళు ఈ పనికి రాకూడదు అనుకున్నాను. జనవరిలో మా ఊరు తాల్దికొర్గాన్‌లో ఉన్న అమ్మకి ఫోన్ చేసి వదిలేసి వచ్చేస్తానన్నాను. అంత మంచి మేష్టారుండగా నీకేం భయం అంది. మీరేమో ప్రతి సోమవారం ఇక్కడ కూర్చుని—"

"మళ్ళీ నడుపు అన్నాను."

"ఏ వరుసో తెలిసి."

"తెలిసి."

"నాకు మీ మీద ఎంత కోపంగా ఉందో చెప్పడానికి మాట దొరకట్లేదు."

"దొరికినప్పుడు చెప్పు, వింటాను. ముందు ఇది విను. దీనికి దారి ఉంది. థీసిస్ పేరులో ఒక్క మాట చేర్చు. హైడ్రోజన్ ముందు భార అని రాయి. అంతే. నీ ఎనిమిది నెలల లెక్కలన్నీ ఒప్పులైపోతాయి. వెనేరా కొలతలు ఎదురుగా ఉన్నాయి, ఒక్కటీ తేడా రాదు. నా గుణకం జోలికే నువ్వు పోనక్కర్లేదు. వచ్చే నెలకి పట్టా నీ చేతిలో ఉంటుంది."

"ఫిబ్రవరిలో సిలిండరు అందుకే తెప్పించారా? ఊరికే కొలిచి పెట్టు అన్నారట వెనేరా అక్కతో."

"నీ కోసమే తెప్పించాను. నువ్వు మునిగిపోకూడదని."

"మీరు తడవకూడదని."

"సరే, అలాగే అనుకో. కానీ పరిషత్తులో ఎవరున్నారో ఆలోచించు. ఆరుగురు. ఆరుగురూ నా దగ్గర చదివినవాళ్ళే, ఆరుగురి థీసిస్సుల్లోనూ ఆ అంకె ఉంది. నువ్వు వెళ్ళి అది తప్పంటే వాళ్ళేం చేస్తారు? వాళ్ళలో జుమాకాన్ సంగతి నీకు తెలుసు, రెండో పేజీ దగ్గరే పుస్తకం మూసి నీ చేతికిస్తాడు. మళ్ళీ ఎవరూ నీకు ఉద్యోగం ఇవ్వరు."

"తెలుసు."

"తెలిసి?"

"భార అని రాయను అగాయ్."

"మొండికెయ్యకు."

"రాయాలనే ఉంది. మీరు చెబుతుంటే చెయ్యి కూడా పైకి లేచింది. కానీ ఇవాళ రాస్తే, రేపు నా దగ్గర చేరే పిల్లకి నేనూ మొదటి రోజే చెప్పాలి, పై నలభై ముట్టుకోవద్దని. అది నా వల్ల కాదు."

"ఆ గుణకం తీసేస్తే నాకు మిగిలేదేమిటో తెలుసా నీకు? లెక్క కొలతకి సరిపోయింది. అంతే, ఒక వాక్యం. సరిపోయినదానికి పేరు పెడతారా ఎవరైనా? పాఠ్యపుస్తకంలో వేస్తారా? సరిపోకపోబట్టే కదా నన్ను పిలిచి పీట వేశారు."

"రోజుకి నాలుగ్గంటల కరెంటుతో, ఇవాళ్టి ఫోనుకున్నంత బుర్ర కూడా లేని కంప్యూటరుతో, మీరు వేసిన బలాల లెక్క అచ్చంగా కొలతకి సరిపోయింది అగాయ్. ముతకది కాదది. అంత ఖరీదైన యంత్రాలతో ఎనిమిది నెలలు చేస్తే నాకూ అదే వచ్చింది. దాన్ని మీరే గుణకం వేసి కప్పేశారు. నిన్న అది చూసి ముందు మీకే చెప్పాలనుకున్నాను. తర్వాత ఏడుపొచ్చింది."

"గురువారం నాకు శాలువాలా కప్పే చపాన్ కోటు మీద ఏదో కుట్టిస్తున్నారట. కోడలు నోరు జారింది."

"అది వదిలెయ్యండి."

"ఏం కుట్టించారు?"

"అడగకండి అగాయ్."

"ఏం కుట్టించారు తల్లీ?"

"ఒకటి పాయింట్ నాలుగు ఒకటి. వీపు మీద. బంగారు దారంతో."

"వీపు మీదా."

"నేనే తీసుకెళ్ళాను కుట్టే ఆవిడ దగ్గరికి. అంకెలు చిన్నగా ఉన్నాయి, వెనక వరసలో కూర్చున్నవాళ్ళకి కూడా కనబడాలని చెప్పి విప్పించి మళ్ళీ కుట్టించాను."

"నవ్వొస్తే నవ్వు."

"రావట్లేదు."

"నాకూ రావట్లేదు. అరవయ్యో ఏట కూడా కప్పారు. నీలం మఖమలు. ఆ రోజు చెప్పేద్దామనే వెళ్ళాను. నమ్ముతావో లేదో. కాగితం మీద రాసుకుని లోపలి జేబులో పెట్టుకున్నాను. మెట్లెక్కగానే ముందు చపాన్ కప్పేశారు. భుజాలు పట్టుకుని ముద్దులు పెట్టారు, చప్పట్లు కొట్టారు, జుమాకాన్ కళ్ళు తుడుచుకున్నాడు. ఆ బరువు భుజాన పడ్డాక నోరు పెగల్లేదు. జేబులోకి చెయ్యి కూడా పోలేదు, పైన అంత మందపు బట్ట."

"ఈసారి?"

"ఈసారీ అంతే. నన్ను నేనెరుగుదును. ఒకసారి కప్పారంటే నేను మళ్ళీ మంచి మేష్టారినైపోతాను."

"అయితే నన్నేం చెయ్యమంటారు?"

"నువ్వు ఎన్నోదానివి మాట్లాడేది?"

"ఆఖరిదాన్ని. చపాన్ కప్పాక, శిష్యుల తరఫున. రెండు నిమిషాలు. మీరే అన్నారుగా."

"మార్పిస్తాను. మొదట నువ్వే లేస్తావు."

"లేచి?"

"నన్ను పొగడకు. నమస్కారం కూడా పెట్టకు, పెడితే నీకూ నోరు రాదు. వాళ్ళు ఆ చపాన్ మడత విప్పుతుంటారు. అది నా భుజాన పడకముందే, వెనక వరసలోవాళ్ళకి కూడా వినబడేట్టు ఒక్క ప్రశ్న అడిగి కూర్చో. అగాయ్, మీ ఫైల్లో హైడ్రోజన్ బరువెంత, అని."